బెల్టును పాడుచేసే చిట్కాలు

బెల్టు జారితే బిగించమంటారు. పక్కకు పోతే కర్ర అడ్డం పెట్టమంటారు. కీచుమంటే కొబ్బరి నూనె రాయమంటారు. ఉత్తరాంధ్రలో ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఎవరిని అడిగినా ముందు వినిపించేవి ఈ మాటలే. చెప్పేవాళ్లది చెడ్డ బుద్ధి కాదు. మిషను ఆగితే సరుకు ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఏదో ఒకటి చేసి ఆ పూట గట్టెక్కాలనుకుంటారు. ఆ పూట గట్టెక్కుతారు కూడా. అందుకే ఈ చిట్కాలు ఇన్నేళ్లు బతికాయి. నెల తిరిగేసరికి బేరింగు పోతుంది, ఆ తర్వాత మోటారు కాలుతుంది, ఒక్కోసారి మనిషి చెయ్యే పోతుంది. ఆ నష్టాన్ని మాత్రం ఎవరూ చిట్కా ఖాతాలో రాయరు.

మన దగ్గర బెల్టు లేని పనిచోటు తక్కువ. పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పొట్టు తీసిన పప్పు ఏరేవాళ్ల ముందు నుంచి బెల్టు మీద మెల్లగా నడుస్తుంది. రైసు మిల్లు ఎలివేటరులో ధాన్యం డబ్బాలను పైకి మోసేదీ బెల్టే. ఈమధ్య పట్టణాల్లో వెలిసిన గేమ్ జోన్లలో బొమ్మల్నీ బంతుల్నీ తిప్పే మిషన్లలో కూడా అదే ఉంటుంది, కాకపోతే అరచేతి వెడల్పున. ఆట మిషన్లలో వస్తువులు ఇలా నడవడం కొత్తేమీ కాదు. 1966లో జపాన్‌లోని సెగా కంపెనీ తెచ్చిన ‘పెరిస్కోప్’ ఆటలో అట్టతో చేసిన ఓడలు గొలుసు మీద కదిలేవి. బొమ్మ తిరిగినా, ధాన్యం ఎక్కినా, జీడిపప్పు నడిచినా బెల్టు పాటించే నియమాలు మారవు. పిల్లల మిషనే కదా అని గేమ్ జోన్ బెల్టును తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పటి కన్వేయరు బెల్టుకు దారి చూపిన థామస్ రాబిన్స్ 1890ల మొదట్లో అమెరికాలో ఎడిసన్ ఇనుప ఖనిజపు గని దగ్గర చేసిన మొదటి పని, పాడైన బెల్టును పరీక్షగా చూడడం. గుడ్డ ఎక్కడ చిరిగింది, దాని మీది పల్చటి రబ్బరు పొర ఎక్కడ నిలిచింది అని చూశాడు. రబ్బరే ఎక్కువ కాలం నిలుస్తోందని తేలాక దాని మందం పెంచాడు. చూడడం ముందు, చెయ్యి పెట్టడం తర్వాత. కింద చెప్పబోయే చిట్కాలన్నీ ఈ వరసను తిరగేసినవే.

“జారిపోతందా? రెండు సుట్లు బిగించీ”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే చిట్కా ఇది. డ్రైవ్ రోలరు తిరుగుతూ ఉంటుంది, బెల్టు కదలదు, లేదా కుదుపులతో కదులుతుంది. చూసినవాడికి బెల్టు వదులైందనిపిస్తుంది. కొత్త బెల్టు మొదటి రోజుల్లో కాస్త సాగే మాట నిజమే, అప్పుడు బిగించడం న్యాయమే. కానీ ఏడాదిగా సక్రమంగా నడిచిన బెల్టు ఒక్కరోజులో వదులు కాదు. నిన్న బాగుండి ఇవాళ జారుతోందంటే మారింది బిగువు కాదు, ఇంకేదో.

అదేమిటో వెతకడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. మిషను ఆపి, కరెంటు తీసి, బెల్టును కాస్త వదులు చెయ్యండి. రోలర్లను ఒక్కొక్కటిగా వేలితో తిప్పండి. బాగున్నది వేలు తీశాక కూడా కొంచెంసేపు తిరిగి ఆగుతుంది. పట్టేసినది వేలితోపాటే ఆగుతుంది. మన తీరపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఎక్కువే. మూత సరిగ్గా లేని బేరింగు లోపల తుప్పు పట్టి రోలరు బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న రోలరు మీద బెల్టు రోజంతా ఒరుసుకుంటూ పోతుంది, రోలరుకు ఒకవైపే చదునైన మెరుపు మచ్చ పడుతుంది. టార్చిలైటు వేసి చూస్తే ఆ మచ్చ అద్దంలా మెరుస్తుంది, దాని పక్కన పాత రంగు మామూలుగానే ఉంటుంది. అది కనబడితే జబ్బు దొరికినట్టే. మార్చాల్సింది ఆ రోలరునో దాని బేరింగునో, బెల్టు బిగువును కాదు.

తర్వాత డ్రైవ్ రోలరు ఒంటిని తడిమి చూడండి. జీడి ఫ్యాక్టరీ అయితే పప్పు మీది ఎర్రపొట్టు పొడి, రైసు మిల్లు అయితే తవుడు అక్కడ పొరలా అంటుకుని ఉంటుంది. తవుడులో నూనె 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. దుమ్ము, నూనె, వేడి కలిసి రోలరు మీద నున్నటి పూత తయారవుతుంది. గోరుతో గీస్తే గోధుమరంగు పెళ్లలా లేస్తుంది. బెల్టు జారేది దాని మీదనే.

ఇది ఎంత తేడా చేస్తుందో గణితవేత్త ఆయిలర్ పేరు మీదున్న పాత సూత్రం చెబుతుంది. డ్రైవ్ రోలరు పట్టు రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: ఒరిపిడి ఎంత, బెల్టు రోలరును ఎంత మేర చుట్టుకుంది. సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు చుట్టుకున్న బెల్టుకు ఒరిపిడి గుణకం 0.3 ఉంటే, బిగువు వైపు లాగుడు వదులు వైపు కన్నా రెండున్నర రెట్లకు కొంచెం పైన ఉండొచ్చు. దుమ్ము పట్టి గుణకం 0.2కు పడితే అది రెండు రెట్ల లోపుకు వచ్చేస్తుంది. శుభ్రంగా తుడిస్తే పోయిన పట్టు తిరిగి వస్తుంది. డ్రైవ్ రోలరు పక్కన చిన్న రోలరు ఒకటి వేసి చుట్టును 210 డిగ్రీలకు పెంచితే మూడు రెట్లు అందుతుంది. ఈ రెండింటికీ బిగింపు బోల్టు ముట్టుకోనక్కర్లేదు.

బిగిస్తే ఏమవుతుందంటే, ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది. బాల్ బేరింగు మీద బరువు రెట్టింపైతే దాని ఆయుష్షు సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎనిమిదేళ్లు నడవాల్సినది ఏడాదికే గరగరమంటుంది. గేమ్ మిషన్లలో ఇది ఇంకా తొందరగా బయటపడుతుంది, ఎందుకంటే వాటి గేరు మోటార్లు చిన్నవి, ఇరుసులు సన్నవి. బెల్టు బిగిసిన కొద్దీ ఇరుసు వంగుతుంది, మోటారు వేడెక్కుతుంది. చివరికి మోటారును నడిపే బోర్డు కాలిపోయిందని బోర్డు మారుస్తారు. కొత్త బోర్డూ కాలుతుంది.

నిజంగా బిగించాల్సి వచ్చినప్పుడు చేత్తో నొక్కి అంచనా వేయకండి, కొలవండి. బెల్టు పూర్తిగా వదులుగా ఉన్నప్పుడు అంచున సరిగ్గా 1000 మిల్లీమీటర్ల దూరంలో రెండు సన్నటి గీతలు గీయండి. రెండు పక్కల బోల్టులనూ సమంగా తిప్పుతూ ఆ దూరం 1003 అయ్యేదాకా బిగించి ఆపండి. పలచటి పీవీసీ, పీయూ బెల్టులకు మామూలుగా 0.2 నుంచి 0.5 శాతం సాగితే చాలు. బెల్టు కంపెనీ వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. గేమ్ మిషనులో మీటరు జాగా దొరకదు, అక్కడ 500 గీసి 501.5కు ఆపండి. ఉక్కు టేపూ పెన్నూ ఉంటే పావుగంట పని. దీన్ని వదిలేసి “గట్టిగానే ఉందిలే” అనుకోవడంలోనే సగం బెల్టులు చస్తున్నాయి.

“రోజనం జల్లీ, కొబ్బరి నూనె రాసీ”

రోజనం పొడి చల్లితే బెల్టు వెంటనే పట్టుకుంటుంది. అది చూసి మందు పనిచేసిందనుకుంటారు. ఆ పొడి రోలరు వేడికి కరిగి, ఆరి, గాజులాంటి పొర కడుతుంది. దుమ్ము దాన్ని వెతుక్కుంటూ వచ్చి అంటుకుంటుంది. రేపు ఇంకొంచెం చల్లాలి, ఎల్లుండి ఇంకొంచెం. జీడిపప్పు నడిచే బెల్టు మీద ఇది మరీ కూడని పని. ఆ పప్పును కడిగి వండుకోరు, ప్యాకెట్ విప్పి నేరుగా నోట్లో వేసుకుంటారు. రోజనమైనా తారైనా తిండి తగిలే బెల్టు దగ్గరకు రాకూడదు. దీనికి మినహాయింపులు లేవు.

నూనె సంగతి ఇందుకు ఎదురు. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరికి కొదవ లేదు కాబట్టి కీచుమన్న చోటల్లా కొబ్బరి నూనె పోస్తారు. కీచుమనేది బెల్టు కాదు, ఎండిపోయిన బేరింగో, బెల్టు జారుతున్న రోలరో. నూనె పోస్తే శబ్దం పోతుంది, కారణం ఉండిపోతుంది. పైగా మామూలు రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలుగా విడిపోతుంది. నూనె తప్పని చోట, తవుడు నడిచే ఎలివేటరు లాంటి చోట, నూనె తట్టుకునే నైట్రైల్ రకం రబ్బరు బెల్టు అడిగి తీసుకోవాలి. కొనేటప్పుడే “నూనె తగులుద్ది” అని చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల మంచి బెల్టు కూడా తప్పు చోట పడుతోంది.

“పక్కకు పోతే కర్ర అడ్డం పెట్టీ”

బెల్టు కుడివైపుకు పోతోంది. అంచు దగ్గర ఓ సరుగుడు కర్రో, ఇనుప బద్దో బిగిస్తారు. బెల్టు ఆగుతుంది, అంచు మాత్రం ఆ కర్రను రోజంతా కోస్తూ ఉంటుంది. మొదట అంచున దారాలు లేస్తాయి, తర్వాత పొర విడుతుంది, ఆపైన బెల్టు అడ్డంగా చిరుగుతుంది. రైసు మిల్లు ఎలివేటరులో అయితే ఇది ప్రాణాల మీదకు వచ్చే పని. బెల్టు లోపల తొడుగుకు ఒరుసుకుంటే వేడి పుడుతుంది, చుట్టూ ఊక దుమ్ము గాలిలో తేలుతూ ఉంటుంది. దుమ్ముకు నిప్పంటితే ఏమవుతుందో 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ ‘ఎ’ పిండి మిల్లు చూపించింది. పిండి దుమ్ము పేలి 18 మంది చనిపోయారు.

బెల్టు పక్కకు ఎందుకు పోతుందో తెలిస్తే కర్ర అవసరమే రాదు. చదునైన బెల్టు రోలరు మీద ఎత్తున్న వైపుకు ఎక్కుతుంది. అందుకే కావాలనే రోలరును మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా తిప్పించి చేయిస్తారు, బెల్టు మధ్యలో నిలబడుతుందని. వంద మిల్లీమీటర్ల రోలరుకు ఆ ఉబ్బు మిల్లీమీటరు లోపే. అంత చిన్న ఎత్తే బెల్టును అదుపులో పెడుతుంటే, రోలరుకు ఒక కొసన రెండు మిల్లీమీటర్ల మందాన పొట్టు పేరుకుంటే అది బెల్టును తన వైపుకు లాక్కుపోదా? పక్కకు పోయే బెల్టుకు మొదటి మందు పాత హాక్సా బ్లేడు వెనుక అంచుతో రోలర్లు గీకడమే. చాలా బెల్టులు అంతటితోనే దారికి వస్తాయి.

అప్పటికీ పోతుంటే రంపం, సుత్తి తీయకండి. దూరంగా కుర్చీ వేసుకుని బెల్టును చూడండి. బెల్టులో ఏ భాగమైనా సరే, మిషనులో ఒకే చోటికి వచ్చేసరికి పక్కకు జరుగుతోందా? అయితే తప్పు ఆ చోట ఉంది: రోలరు వంకరో, ఫ్రేము వంకరో. అలాకాక బెల్టులో ఒకే భాగం మిషను అంతటా, ఎక్కడికి వెళ్లినా పక్కకు తొంగి చూస్తోందా? అయితే తప్పు బెల్టులోనే ఉంది, ఎక్కువగా జాయింటు వంకరగా కోసి ఉంటారు. బెల్టు అంచున సుద్దముక్కతో ఓ గుర్తు పెట్టుకుంటే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ఈ రెండింటినీ విడదీయకుండా బోల్టు తిప్పేవాడు రోజంతా తిప్పుతూనే ఉంటాడు.

ఫ్రేము సంగతి తేల్చడానికి టేపు చాలు. నాలుగు మూలల మధ్య ఐమూలగా రెండు కొలతలు తీయండి, రెండూ ఒకటి కావాలి. అడ్డంగా రసమట్టం పెట్టండి. గేమ్ మిషన్లయితే కొన్న రోజు నుంచి గచ్చు పల్లంలో కుంటుతూ నడుస్తున్నవి ఎన్నో. కింద నాలుగు కాళ్లకూ తిప్పుకునే మరలు ఇచ్చేది అందుకే.

బోల్టు తిప్పాల్సి వస్తే మిషను ఆపి, వెనుక రోలరు దగ్గర, బెల్టు ఏ వైపుకు పోతుందో ఆ వైపు బోల్టును పావు చుట్టు బిగించండి. బెల్టు బిగువు వైపు నుంచి వదులు వైపుకు జరుగుతుంది. బిగువు ఇప్పటికే సరిపోయేంత ఉంటే, ఆ బోల్టు మానేసి రెండోవైపుది పావు చుట్టు వదలండి. తర్వాత చేతులు వెనక్కి తీసుకుని, మిషను నడిపి, బెల్టు అయిదారు చుట్లు తిరిగేదాకా ఆగండి. పావు చుట్టు ఫలితం కనబడడానికి అంత సమయం పడుతుంది. ఆగలేక ఇంకో పావు, ఇంకో సగం తిప్పేవాళ్ల బెల్టు కాసేపటికి ఎడమవైపుకు దూకుతుంది, మళ్లీ అటు తిప్పుతారు. మధ్యలో ఉండే రోలర్లకు లెక్క వేరు: బెల్టు రోలరులో ముందు ఏ కొసను తాకుతుందో ఆ కొస వైపుకు పోతుంది. కుడివైపుకు పోతుంటే ఆ రోలరు కుడి కొసను బెల్టు నడిచే దిశలో కాస్త ముందుకు జరపండి.

“ఏ జిగురైనా ఒకటే”

జాయింటు విషయంలో పిసినారితనం తగదు. పంచరు షాపు జిగురు ట్యూబుకు సరిపోతుందేమో గానీ పీవీసీ బెల్టుకు సరిపోదు. ఇనుప క్లిప్పుల జాయింటు మిల్లులో, పెద్ద రోలరు మీద బాగానే నడుస్తుంది. జీడిపప్పు బెల్టు మీద మాత్రం ఒక క్లిప్పు విరిగినా అది పప్పులో కలిసే ప్రమాదం ఉంది. గేమ్ మిషనులో రోలరు సన్నం, క్లిప్పు దాని చుట్టూ వంగలేక టక్కుటక్కుమంటూ కొట్టి రెండు పక్కలా బెల్టును విరిచేస్తుంది. ఈ రెండు చోట్లా వేలి ఆకారంలో కోసి వేడితో అతికించిన జాయింటే సరైనది. అది అతికించే ప్రెస్సు ఉన్నవాళ్ల దగ్గరే చేయించాలి. కొస కోసేటప్పుడు అంచును నమ్మకండి, అంచు వంకరగా ఉండొచ్చు. నాలుగైదు చోట్ల బెల్టు వెడల్పు మధ్య బిందువులు గుర్తు పెట్టి, వాటిని కలుపుతూ గీత గీసి, ఆ గీతకు మూలమట్టం పెట్టి కోయండి.

“స్పీడు పెంచితే పని పెరుగుద్ది”

పలాసలో పప్పును ఏరడం అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఈ మాట అనరు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 320 లోపు గుండు పప్పులు తూగే రకం. డబ్ల్యూ 240, డబ్ల్యూ 210, డబ్ల్యూ 180 అని అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది. గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు. కంటితో చూసి వేళ్లతో ఏరేవాళ్లకు బెల్టు ఒక్క క్షణం ఎక్కువ ఇస్తేనే గుండు గుండులో, బద్ద బద్దలో పడతాయి. పుల్లీ మార్చి వేగం పెంచితే ఏరుడు తప్పుతుంది, ఖరీదైన రకంలో చవక రకం కలుస్తుంది, పేచీ కొన్నవాడి దగ్గర మొదలవుతుంది. వేగాన్ని నిర్ణయించాల్సింది ఏరే మనిషి కన్ను. గేమ్ జోన్‌లో కూడా పిల్లల చేతికి అందనంత వేగం పెట్టి ఆటను కఠినం చేశామనుకుంటే, కంపెనీ పెట్టిన వేగానికి లెక్కకట్టిన మోటారు మీద భారం వేసినట్టే.

“ఆపక్కర్లేదు, నడుస్తుండగానే తుడిచీ”

దీన్ని చిట్కా అనడానికే మనసొప్పదు. బెల్టూ రోలరూ కలిసే చోటు చేతిని లోపలికి లాక్కునే నోరు. వంద మిల్లీమీటర్ల రోలరు నిమిషానికి 60 చుట్లు తిరుగుతుంటే బెల్టు సెకనుకు సుమారు 31 సెంటీమీటర్లు నడుస్తుంది. చూడ్డానికి అది చాలా నెమ్మది. పెద్ద మనిషి వేలి కొస నుంచి మణికట్టు దాకా 20 సెంటీమీటర్ల లోపే. ఆ దూరం లోపలికి పోవడానికి ముప్పావు సెకను కూడా పట్టదు. గుడ్డ చిక్కుకుందని తెలిసి, చెయ్యి లాక్కోవాలని మెదడు చెప్పేలోపే చెయ్యి పోతుంది. నెమ్మదిగా నడిచే బెల్టు దగ్గరే జనం ధైర్యంగా చెయ్యి పెడతారు, అదే ప్రమాదం.

జీడి ఫ్యాక్టరీల్లో పప్పు దగ్గర కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పైట కొంగు, చున్నీ, జడ, గాజులు, ఏది చిక్కుకున్నా లాగేది మనిషినే. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను ఈ విషయం ఎంత గట్టిగా తీసుకుందో చూడండి. తిరుగుతున్న యంత్రాన్ని ఆపకుండా చూడక తప్పని చోట, ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషి ఒంటికి అతుక్కునే దుస్తులు వేసుకునే ఆ పని చేయాలంది. ఆ దుస్తులు యజమానే ఇవ్వాలంది. ప్రమాదం ఉన్న చోట కదిలే యంత్రాన్ని తుడిచే పని ఆడవాళ్లకు, చిన్న వయసువాళ్లకు అప్పగించకూడదంది. “ఓ పాలి తుడిచీయమ్మా” అని సూపర్‌వైజరు తేలిగ్గా చెప్పే మాట ఆ సెక్షను చెప్పినదానికి నేరుగా ఎదురు.

కాబట్టి తుడవాలన్నా, గీకాలన్నా, బోల్టు తిప్పాలన్నా స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి. ఎవరో తెలియక వేసే వీలుంది. ఫ్యూజు క్యారియరు పీకి జేబులో వేసుకోండి. గేమ్ మిషను అయితే ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును మీ కంటికి కనబడే చోట పెట్టుకోండి. బోల్టు తిప్పాక బెల్టు నడకను చూసేది రోలరుకు దూరంగా నిలబడి. మళ్లీ తిప్పాలంటే మళ్లీ ఆపాలి. విసుగొస్తుంది, అయినా ఆపాలి.

యజమానులకు ఒక మనవి. రేపు ఉదయం పని మొదలయ్యే ముందు మీ బెల్టు దగ్గరున్న ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ ఒక్కసారి నొక్కి చూడండి. బెల్టు ఆగకపోతే, లేదా అసలు బటనే లేకపోతే, బెల్టు సంగతి తర్వాత చూసుకుందురు గాని, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ పని చేయించండి. ఏరేవాళ్లు కూర్చున్న చోటి నుంచే చెయ్యి అందేలా పెట్టించండి.